జగ్గునాయుడి ఇంటి హెల్మెట్ అద్దం

మా దిబ్బపాలెంలో తెలివి ఎక్కడుందని ఎవరైనా అడిగితే జగ్గునాయుడి ఇల్లు చూపిస్తాం. అక్కడ ఉందని కాదు. వాళ్ళే అలా చెప్పుకుంటారు, కాదంటే పొద్దుపోయేదాకా వదలరు, అందుకని.

"మా ఇంట్లో ఒక పద్ధతుంది" అంటాడు జగ్గునాయుడు వీధరుగు మీద కాలు మీద కాలేసుకుని. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఊళ్ళో మిగతావాళ్ళు చెప్పింది విని, మళ్ళీ సొంతంగా ఆలోచిస్తారు. అక్కడే చెడిపోతున్నారు."

ఆ మాట నిజమే. సొంతంగా ఆలోచించారన్న మచ్చ ఆ ఇంటి మీద ఇప్పటిదాకా పడలేదు. ఆయన భార్య నరసాయమ్మకు ఓసారి పక్కింటావిడ, "పాలు పొంగేదాకా కాస్త చూస్తూ ఉండు వదినా" అని చెప్పి బజారుకెళ్ళింది. నరసాయమ్మ చూసింది. పాలు పొంగాయి, పొయ్యి మీద పడ్డాయి, పొయ్యి ఆరిపోయింది. పక్కింటావిడ వచ్చి లబోదిబోమంది. "పొంగేదాకా చూడమన్నావు, చూశాను. చాలా బాగా పొంగాయి వదినా" అంది నరసాయమ్మ.

ఈ దంపతులకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గవిరినాయుడు. ముప్పై నాలుగేళ్ళు నిండాయి, పెళ్ళి కాలేదు. చిన్నవాడు పోతురాజు. అన్న పెళ్ళయితే తప్ప తన వంతు రాదు గనక ఎప్పుడూ అన్న వెనకాలే ఉంటాడు, మోటారు సైకిలు మీద కూడా. ఆ మోటారు సైకిలుకు ఒకే ఒక్క హెల్మెట్. వచ్చిన చిక్కంతా దానితోనే.

మాది కొండ కింద ఊరు. గవిరి సంగతి కింది ఊళ్ళన్నిటికీ తెలుసు గనక, సంబంధాలు కొండ మీదే వెతకాల్సి వచ్చేది. మార్గశిరంలో ఆ ఘాట్ రోడ్డు ఎక్కితే బయట ఎముకలు కొరికే చలి, హెల్మెట్ లోపల మనిషి ఊపిరి వేడి. ఇంకేముంది, అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టి పాలు పోసినట్టు తెల్లబడిపోతుంది. మిగతావాళ్ళు అద్దం పైకెత్తుకుంటారు. గవిరి ఎత్తడు. కొన్న రోజున కొట్టువాడు "బండి మీద ఉన్నంతసేపూ అద్దం దించే ఉంచాలి" అన్నాడట.

మొదటి సంబంధానికి అలాగే వెళ్ళాడు. ఊరు సరైనదే, ఇల్లు కనబడలేదు. జనం గుమిగూడిన చప్పుడు విని ఆ వాకిట్లో బండి ఆపాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఖాయమైపోయిందమ్మా! ఎంత మర్యాదస్తులో! విస్తరేసి గారెలు పెట్టారు. పెద్దాయన ఫోటోకి దండేసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. పిల్లకి సిగ్గు కాబోలు, ఒకటే ఏడుపు" అన్నాడు. మర్నాడు తెలిసింది, అది ఎవరిదో దినం.

రెండో సంబంధానికి వెళ్తూ ఆవిరిలో దారి తెలియక ఏదో వ్యాను చప్పుడు పట్టుకుని వెళ్ళి కోళ్ళ ఫారంలో తేలాడు. "చూసుకోడానికి వచ్చాను" అన్నాడు. పాపం వాళ్ళు చూపించారు. కిలో ఎంతో కూడా చెప్పారు.

మూడోది చలిగెడ్డ ఊళ్ళో ముకుందరావు గారి సంబంధం. ఆయనకి కొండ మీద కాఫీ గింజల కొట్టుంది. ఒక్కతే కూతురు, ఈశ్వరి. ఆసుపత్రి తరఫున ఊరూరూ తిరిగి పిల్లలకి సూదిమందు వేసే ఉద్యోగం, స్కూటీ మీద తిరుగుతుంది. ముకుందరావు కబురు పంపాడు: "ఆదివారం పొద్దున్న తొమ్మిదిలోపు అబ్బాయి మా వాకిట్లో ఉండాలి. పదింటికి ఇంకో సంబంధం వాళ్ళు వస్తున్నారు. తొమ్మిది దాటితే రావద్దు."

గవిరి ఈశ్వరి ఫోటో చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తీయలేదు. "ఇది కూడా పోతే నాకింక పెళ్ళి లేదురా తమ్ముడూ" అని పశువుల సావిట్లో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడట. ఎంతటివాడికైనా ఆశ ఉంటుంది కదా. తెలివే ఉండాలని లేదు.

సోమవారమే అన్నదమ్ములిద్దరూ జంక్షన్లో మెకానిక్ అసిరయ్య దగ్గరికెళ్ళారు.

"ఆవిరి పట్టకుండా ఏం చెయ్యాలి మేస్త్రీ?"

అసిరయ్య ఎవరిదో చెయిను బిగిస్తూ తలెత్తకుండానే చెప్పాడు. "అద్దం పూర్తిగా మూయకు. సందులో ఒక వేలు పట్టేలా వదులు. లోపలి వేడి బయటికి పోతుంది."

అంతే, చెరువుగట్టు మీద బండి తీశారు. గవిరికి రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి, వేలు ఎక్కణ్ణుంచి వస్తుంది? పోతురాజు వెనక నుంచి చెయ్యి చాపి తన చూపుడు వేలు సందులో పెట్టాడు. కొంతదూరం బాగానే పోయారు. గతుకు వచ్చింది. అద్దం టప్పున దిగింది, వేలు గవిరి నోట్లోకి పోయింది, ఏదో పురుగు దూరిందనుకుని గవిరి గట్టిగా కొరికాడు. పోతురాజు వేసిన కేకకి చెరువులో కొంగలన్నీ లేచిపోయాయి. బండి తూటిపొదల్లోకి పోయింది.

వేలికి కట్టు కట్టుకుని మంగళవారం మళ్ళీ వెళ్ళారు.

"వేలు పెట్టమన్నానేటిరా నేను?" అన్నాడు అసిరయ్య. "సరే, ఇంకోటి చెప్తాను. అద్దానికి లోపలివైపు పల్చగా సబ్బు రాయండి. ఆరాక మెత్తటి గుడ్డతో మెరిసేలా తుడిచెయ్యండి."

ఇంటికొచ్చి సబ్బు తీశారు. నరసాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండర్రా. రాసి తుడిచేశాక అద్దం మీద ఏముంటుంది?"

"ఏమీ ఉండదు" అన్నాడు గవిరి.

"ఇప్పుడేముంది?"

"ఏమీ లేదు."

"మరింకేటి! పని అయిపోయినట్టే కదా. సబ్బు దండగెందుకు?"

జగ్గునాయుడు భార్యను మురిపెంగా చూశాడు. "ఈవిడ మగాడై పుట్టుంటే కలెక్టరయ్యేది" అన్నాడు. కలెక్టర్ల అదృష్టం బాగుంది.

బుధవారం పొద్దున్నే అద్దానికి మామూలుగానే ఆవిరి పట్టింది, బండి మామూలుగానే తూటిపొదల్లోకి పోయింది. గురువారం అసిరయ్య వాళ్ళని దూరం నుంచే చూసి అరిచాడు. "సబ్బు రాయాలిరా బాబూ! రాయకపోతే ఎలా పని చేస్తుంది? హెల్మెట్ లోపల రాయాలి!"

తుడవమని ఈసారి చెప్పలేదు. అద్దానికని కూడా చెప్పలేదు. అంతే, బట్టల సబ్బు బిళ్ళ మొత్తం నానబెట్టి, హెల్మెట్ లోపల మెత్తలకీ గోడలకీ దట్టంగా పట్టించారు. శుక్రవారం పొద్దున్న గవిరి దాన్ని తడితడిగా పెట్టుకుని జంక్షన్ దాకా వచ్చాడు. ఊపిరి వేడి, మంచు తడి, సబ్బు మూడూ కలిశాయి. టిఫిన్ కొట్టు ముందు ఆగేసరికి హెల్మెట్ కింద నుంచి నురగ బుసబుసా పొంగుతోంది. కళ్ళు మండి చేతులూ కాళ్ళూ కొట్టుకుంటున్నాడు.

"ఓలమ్మో, ఫిట్సు! చేతిలో ఇనుము పెట్టండి!" అని ఎవరో అరిచారు. ఇంకేముంది, ఇడ్లీలు తినేవాళ్ళంతా తలో తాళాలగుత్తీ తీసి గవిరి చేతిలో కుక్కారు. గవిరికి కళ్ళు కనబడలేదు గానీ చేతిలో పడినవి పడినట్టు పట్టుకున్నాడు. పోతురాజు వాణ్ణి బండెక్కించి ఇంటికి తీసుకుపోయాడు.

"నాన్నా, నన్ను చూడగానే జనం ఇళ్ళ తాళాలు చేతిలో పెట్టేశారు" అన్నాడు గవిరి తల కడుక్కుంటూ.

జగ్గునాయుడు గుత్తులు చూశాడు. మొత్తం ఏడు. "మనమీద ఊరికి నమ్మకం కుదిరింది" అని వాటిని దేవుడి గూట్లో పెట్టి పసుపు రాశాడు. మధ్యాహ్నం దాకా ఏడిళ్ళవాళ్ళు వాకిళ్ళలో కూర్చున్నారు. వాళ్ళలో అసిరయ్య ఒకడు. కొట్టు తాళం కూడా ఆ గుత్తిలోనే ఉంది.

తాళం కోసం వచ్చినప్పుడు అసిరయ్య చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "ఇదే ఆఖరు మాట. నీ ఊపిరి అద్దానికి తగలకూడదు. అంతే. అది తగలకుండా ఏం చేసుకుంటావో చేసుకో, నా కొట్టుకి మాత్రం రాకు."

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ హెల్మెట్ చుట్టూ కూర్చున్నారు.

"ఊపిరి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు జగ్గునాయుడు.

"ముక్కులోంచి" అన్నాడు గవిరి.

"ముక్కు ఎటుంది?"

"ముందుకి."

"అద్దం ఎటుంది?"

"అదీ ముందుకే."

"అదే మరి తప్పు" అన్నాడు జగ్గునాయుడు. "ముక్కుని వెనక్కి పెట్టలేం."

అంతే, హెల్మెట్ వెనక్కి తిప్పి పెట్టారు. అద్దం వీపువైపుకి పోయింది. గవిరి ఎంతసేపు ఊదినా అద్దానికి చుక్క ఆవిరి లేదు. నరసాయమ్మ దిష్టి తీసింది.

"ఏమీ కనబడటం లేదమ్మా" అన్నాడు గవిరి లోపల్నుంచి.

"ఆవిరున్నప్పుడూ కనబడలేదు కదరా. ఇప్పుడు ఆవిరన్నా లేదు" అంది తల్లి. "వెనక తమ్ముడుంటాడుగా, వాడు చూసి చెప్తాడు."

ఆదివారం పొద్దున్న ఆరింటికి బయల్దేరారు. పెద్దవాళ్ళు రాలేదు. ముకుందరావు అబ్బాయి రావాలన్నాడు గానీ అబ్బాయి తల్లిదండ్రులు రావాలనలేదు కదా. వెళ్ళేముందు నరసాయమ్మ ఒకటే చెప్పింది. "తల చెదిరిపోతుంది, పిల్ల ఎదురుగా వచ్చేదాకా హెల్మెట్ తియ్యకు."

వాళ్ళు ఘాట్ ఎక్కిన తీరు మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడ చూసి చెప్పింది గనక నమ్మాలి. నడిచే మనుషులు వాళ్ళని దాటుకుని పోతున్నారట. రెండో మలుపు దగ్గర మంచు చిక్కబడింది. పోతురాజు అన్న భుజం మీంచి తొంగి చూడబోయి గట్టిగా కేకేశాడు.

"అన్నయ్యా, ఆపు! ఎదురుగా ఎవడో వస్తున్నాడు!"

గవిరి ఆపాడు. పోతురాజు ముక్కుకి జానెడు దూరంలో హెల్మెట్ అద్దం ఉంది, అందులో పోతురాజు ఉన్నాడు.

"పోయాడా?" అన్నాడు గవిరి.

"లేదు. మనం ఆపితే వాడూ ఆపాడు."

"మర్యాదస్తుడల్లే ఉన్నాడు. ముందు వెళ్ళమను."

పోతురాజు చెయ్యి ఊపాడు. అవతలివాడూ చెయ్యి ఊపాడు. "మనల్నే వెళ్ళమంటున్నాడు" అన్నాడు పోతురాజు.

"అలా కుదరదు. ఎక్కేవాళ్ళం మనమా, వాడా?"

"తెలీటం లేదన్నయ్యా. వాడి వేలికి కూడా కట్టుంది. పాపం, వాడి అన్నయ్య కూడా కొరికాడేమో."

అలా గంటంబావు మర్యాదలు చేసుకున్నారు. పొత్తులావిడ నవ్వలేక కడుపు పట్టుకుని కూర్చుంది. చివరికి క్యాబేజీల ఆటోవాడు ఆగి, సంగతి విని, తల కొట్టుకున్నాడట. తర్వాత తాడు తీసి బండిని ఆటోకి కట్టి చలిగెడ్డ దాకా లాక్కుపోయాడు. ముకుందరావు వాకిట్లో దించేసరికి ఎనిమిదీ యాభై.

ముకుందరావు గడియారం చూసుకుని, "వేళకొచ్చారు. సంతోషం" అన్నాడు. కుర్చీ వేశారు. గవిరి హెల్మెట్ తోనే కూర్చున్నాడు. అద్దం వెనక్కి ఉంది గనక, కాఫీ తెచ్చిన ఈశ్వరి మొహం అటుందనుకుని చుట్టూ తిరిగి కుర్చీ వెనక్కి వెళ్ళింది. అద్దం ఎత్తింది. లోపలంతా జుట్టే.

"నాన్నా, ఈయనకి మొహం లేదు" అంది ఈశ్వరి చల్లగా.

"పిల్ల ఎదురుగా వచ్చేదాకా తియ్యొద్దంది మా అమ్మ" అన్నాడు గవిరి అవతల్నుంచి. "మీరు వెనక్కెళ్ళారు."

ఈశ్వరి ముందుకొచ్చింది. హెల్మెట్ తీశాడు. మొహం మాత్రం బాగానే ఉంటుంది గవిరిది, అబద్ధం ఎందుకు. అలా ఎందుకు పెట్టుకున్నావంటే జరిగిందంతా చెప్పాడు. అసిరయ్య, వేలు, సబ్బు, తాళాలు, ఎదురొచ్చిన మర్యాదస్తుడు, అన్నీ గర్వంగా చెప్పాడు.

ముకుందరావు కూతురి చెవిలో అన్నాడు. "పదింటివాళ్ళని చూద్దామే. వీడు వట్టి వాజమ్మ."

"వాజమ్మే" అంది ఈశ్వరి. "కానీ నాన్నా, చెప్పింది చెప్పినట్టు చేస్తాడట. నేను ఇన్ని ఊళ్ళు తిరుగుతున్నాను, ఇన్ని ఇళ్ళు చూస్తున్నాను. అలాంటి మొగుడు ఏ ఇంట్లోనూ కనబళ్ళేదు."

ముకుందరావు భార్య ఆ మాట విని భర్తను ఒక్క చూపు చూసింది. ఆయన గబుక్కున లేచాడు. పదింటి సంబంధం వాళ్ళకి రావద్దని ఫోన్ చేస్తానని లోపలికెళ్ళాడు.

గవిరికి ఉప్మా పెట్టారు. కిళ్ళీ ఇచ్చారు. ఈశ్వరి హెల్మెట్ తీసుకుని, అద్దానికి లోపలివైపు వేలితో కాస్త సబ్బు పామి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచింది. "ఇందులో పెద్ద విద్యేమీ లేదు. రోజూ ఈ కొండ మీద తిరుగుతాను, నా హెల్మెట్ కి ఇలాగే చేస్తాను" అంది. "సరిగ్గా ముందుకి పెట్టుకోండి. ఇంకో మాట. ఇంటికెళ్ళేదాకా అద్దాన్ని చేత్తో ముట్టుకోకండి, పూత పోతుంది."

"ముట్టుకోను" అన్నాడు గవిరి. ఆ అమ్మాయి నవ్వింది. గవిరి చెవులు ఎర్రబడ్డాయి.

కథ ఇక్కడ ఆగిపోతే మాకేం బాధ లేదు. ఆగలేదు.

ఊరు దాటి రెండు మలుపులు దిగారో లేదో గవిరి బండి ఆపేశాడు.

"తమ్ముడూ, చెట్లు కనబడుతున్నాయిరా."

"మంచిదే కదా."

"ఆకులు కూడా కనబడుతున్నాయి. హెల్మెట్ పెట్టుకుని నేనింతవరకూ ఎప్పుడూ ఏమీ చూడలేదు. మరి అద్దమేదిరా?"

పోతురాజు దిగి ఎదురుగా నిలబడి చూశాడు. మచ్చ లేదు, మసక లేదు, ఆవిరి అసలే లేదు. అన్న మొహం అన్న మొహంలా కనబడుతోంది.

"లేదన్నయ్యా! కొట్టేశారు!"

"మరి మొహానికి గాలి కొట్టటం లేదేటి?"

"అద్దం పట్టుకెళ్ళినవాళ్ళు గాలి వదుల్తారా? సరిగా చూడు, చేత్తో తడుము."

"ఎలా తడమను? ముట్టుకోవద్దని ఆ అమ్మాయి చెప్పింది కదా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "అందుకన్నమాట ముట్టుకోవద్దంది!" అన్నాడు పోతురాజు.

అంతే, బండి వెనక్కి తిప్పారు. ముకుందరావు వాకిట్లో దిగి గవిరి ఊరంతా వినబడేలా అరిచాడు. నోట్లో కిళ్ళీ ఉంది గనక కాస్త ముద్దగా అరిచాడు. "మావయ్యా! కాబోయే అల్లుడి అద్దమే దొంగిలిస్తారా? ఇదేం ఇల్లు?"

ఇరుగుపొరుగు పోగయ్యారు. ముకుందరావు ఫోన్ చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. "ఏం అద్దమయ్యా?"

"హెల్మెట్ అద్దం! చూడండి, ఉందా?"

"నీ మొహం ముందే ఉంది కదా! ముట్టుకుని చూడు!"

"ముట్టుకోమంటే ముట్టుకుంటామా? మీ అమ్మాయే ముట్టుకోవద్దంది. ముట్టుకుంటే దొంగతనం బయటపడుతుందనే కదా!"

"పోనీ నేను ముట్టుకుంటాను, ఆగు."

"నువ్వు ముట్టుకుంటే పూత పోతుంది!" అని పోతురాజు అడ్డం పడ్డాడు.

"పూత దేనిమీద పోతుందిరా? అద్దమే లేదంటున్నావుగా!"

"అదే మేమూ అడుగుతున్నాం!" అన్నాడు పోతురాజు.

ఈశ్వరి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చెప్పింది చెప్పినట్టు చేసే మొగుణ్ణి కళ్ళారా చూసింది. కోప్పడలేదు, ఏడవలేదు. తండ్రి వైపు తిరిగి అడిగింది.

"నాన్నా, పదింటివాళ్ళకి ఫోన్ చేసేశారా?"

"కలవలేదమ్మా."

"ఇంక చెయ్యకండి."

తలుపు వేసేసింది. ఇరుగుపొరుగు వాళ్ళు అన్నదమ్ముల్ని మర్యాదగానే బండెక్కించారు. ఒక్కడు మాత్రం తువ్వాలుతో వీపున ఒకటిచ్చాడు. అది దుమ్ము దులపడానికని గవిరి ఇప్పటికీ చెప్తాడు.

ఘాట్ దిగుతుంటే గవిరికి ఈశ్వరి గుర్తొచ్చింది. జేబులో ఫోటో అలాగే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే కోపం వచ్చింది.

"దొంగల సంబంధం! ఛీ!" అని, నోట్లో ఉన్న కిళ్ళీనంతా కూడగట్టుకుని, రోడ్డు మీదికి గట్టిగా ఉమ్మాడు.

ఫట్మని చప్పుడైంది. లోకమంతా ఎర్రగా మారిపోయింది. గడ్డం మీంచి చొక్కా దాకా, ఫోటో దాకా ఎర్రటి ధార కారింది. బండి అటూ ఇటూ ఊగి గట్టుకి ఆనుకుని ఆగింది.

పోతురాజు కంగారుగా దిగి ఎదురుగా వచ్చి చూశాడు. అన్న మొహానికి బెత్తెడు ముందు, గాల్లో, కిళ్ళీ ఉమ్ము నిలబడి ఉంది.

"అన్నయ్యా! అద్దం దొరికిందిరా!"

గవిరి ఎర్రటి మొహంతోనే ఛాతీ విరుచుకున్నాడు. "చూశావా? మనం గట్టిగా అడిగేసరికి భయపడి పెట్టేశారు."